నాలుగు నిమిషాల పడవలు

మూడు నెలల కోర్సు చేసి వచ్చిన పిల్లలకి ఏడేళ్ళ అనుభవం ఉన్నట్టు రాయడం ఒకప్పుడు నా ఉద్యోగం. అలా నేను రాసిన రెజ్యూమేలతో పనిలో చేరినవాళ్ళు అమెరికాలో ఇప్పటికీ రెండొందల మందైనా ఉంటారు. సగం మంది మేనేజర్లయ్యారు. ఇళ్ళు కట్టుకున్నారు, గృహప్రవేశాలకి పిలిచారు, నేను వెళ్ళి పులిహోర తిని వచ్చాను కూడా. వాళ్ళ విషయంలో నాకేనాడూ నిద్ర చెడలేదు. నామీద నాకు రోత పుట్టించినవి ఐదు పడవలు. వాటిని నేను ఎదురుగా ఎన్నడూ చూడలేదు. ఏ దేశానివో చెప్పను. చెప్పనని కాగితం మీద సంతకం పెట్టాను. ఈ కథ మొత్తంలో నేను నిలబెట్టుకున్న మాట అదొక్కటే.

అది 2008 వేసవి. అమెరికాలో షాంటిలీ అనే ఊళ్ళో ఒక ఇండియన్ గ్రోసరీ షాపు, దాని మీద మేడ, ఆ మేడలో మా బావగారు రాజారావు గారి సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీ. బావగారంటే మా ఆయన రఘువీర్‌కి అన్నగారు. కంపెనీ పేరులో ధర్మం అన్న మాట ఉంది. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అన్నట్టు, మేడ మీద మేం చేసేది అధర్మం, కింద షాపులోంచి మెట్లెక్కి వచ్చేది చేపల ఫ్రీజరు వాసన. నా హెచ్‌వన్, రఘువీర్ హెచ్‌వన్, ఇద్దరి గ్రీన్‌కార్డ్ కాగితాలూ ఆ కంపెనీలోంచే నడుస్తున్నాయి. రఘువీర్‌ని రెడ్‌మండ్‌లో దేశానికి అవతలి కొసన ఒక ప్రాజెక్టులో పెట్టారు. నెలకోసారి వచ్చి రెండ్రోజులుండి పోయేవాడు. ఒకరి గుప్పిట్లో ఒకరు ఉండటమే కుటుంబమైతే, మాది చాలా గట్టి కుటుంబం.

బావగారు చెడ్డవాడిలా కనిపించరు. అదే ఆయన బలం. తెల్ల చొక్కా, చల్లని నవ్వు, ఏ తెలుగు సంఘం సభలోనైనా మొదటి వరసలో కుర్చీ. కోప్పడటం నేను చూడలేదు. "అబద్ధం కాదమ్మాయ్, ప్రెజెంటేషన్" అనేవారు. మధ్యలో ఖాళీ సంవత్సరాలుంటే ఏ కంపెనీ పేరుతో పూడ్చాలో, చేయని పనిని చేసిన బృందంలో ఉన్నట్టు ఎలా రాయాలో, నాకది వెన్నతో పెట్టిన విద్య అయిపోయింది.

జూన్ మొదటి వారంలో బావగారు రెండు అట్టపెట్టెలు పైకి తెప్పించి నా బల్ల పక్కన పెట్టించారు. ఒక పెద్ద కంపెనీ దగ్గర ఒక చిన్న కంపెనీ పని తీసుకుంది, ఆ చిన్న కంపెనీ దగ్గర మనం తీసుకున్నాం అన్నారు. పని ఏమిటంటే, ఒక బుల్లి దేశానికి సోవియట్ కాలం నుంచి మిగిలిన గస్తీ పడవలు ఐదున్నాయి. ముప్పై ఐదేళ్ళ వయసు. వాటికి కొత్త రాడార్లు, కొత్త తుపాకులు బిగించి, రంగులేసి, మళ్ళీ యుద్ధానికి తయారు అనిపించాలని ఆ పెద్ద కంపెనీ ఆలోచన. దానికి ముందు నిపుణుల చేత పడవల పరిస్థితి మీద ఒక రిపోర్టు కావాలి. పెట్టెల నిండా ఫోటోలు, ఇంజన్ గదిలో రోజూ రాసే లాగ్ పుస్తకాల జిరాక్సులు. అంతా రష్యన్.

యుద్ధనౌకల గురించి మనకేం తెలుసు బావగారూ అన్నాను. జావా గురించి మనకేం తెలుసమ్మాయ్ అన్నారాయన.

నిపుణుడు కింద షాపులోనే దొరికాడు. బిల్లింగ్ కౌంటర్ దగ్గర నిలబడే భీమశంకరం గారిది విశాఖపట్నం. అరవై నాలుగేళ్ళు. ఇక్కడ కూతురింట్లో ఉంటూ, ఖాళీగా కూర్చోలేక షాపులో కుదిరారు. వయసులో ఉన్నప్పుడు ఇండియన్ నేవీలో పదిహేనేళ్ళు చేశారు, అందులో ఎక్కువ భాగం రష్యా నుంచి కొన్న మిసైల్ బోట్ల ఇంజన్ గదుల్లో. ఆ పడవలు మనకి రాకముందు వ్లాడివోస్టాక్‌లో ఎనిమిది నెలలు ఉంచి రష్యన్ నేర్పించారట. "ప్రేమించడానికి సరిపోదమ్మా, ఇంజను విప్పడానికి సరిపోద్ది" అనేవారు. నేను సరుకులు కొన్నప్పుడల్లా సంచిలో పైన గుప్పెడు కరివేపాకు పెట్టి, "పోపులోకమ్మా" అనడం ఆయన అలవాటు. నాకు అమెరికాలో ఉత్తినే ఏదైనా ఇచ్చిన మనిషి ఆయనొక్కరే.

ముందు ఆయన రెజ్యూమే తయారు చేశాను. ఇంజన్ గది మెకానిక్ కాస్తా కమాండర్, రిటైర్డ్ అయ్యాడు. చదివి వినిపిస్తే ఆయన కంగారు పడ్డారు. "కమాండరంటే ఆఫీసరమ్మా. నేను నూనె పామినోణ్ణి" అన్నారు. అది ఇక్కడి ఫార్మాట్ అంతే, ఎవరూ అడగరు అని బావగారు భుజం తట్టారు. మా ఆఫీసులో ఇంకో ఆచారం ఉంది. చేరిన ప్రతివాడూ చివరి పేజీ మీద ముందే సంతకం పెట్టి ఇచ్చేయాలి, తర్వాత ఆలస్యం కాకూడదని. టైమ్‌షీట్లకైనా అంతే, ఉత్తరాలకైనా అంతే. భీమశంకరం గారు ఖాళీ కాగితం అడుగున, కొత్త పదవి కింద, పోస్టాఫీసు ఫారం నింపినంత శ్రద్ధగా సంతకం చేశారు. తర్వాత కాస్త సిగ్గుగా నవ్వి, మా ఆవిడ ఉండుంటే సెల్యూట్ కొట్టేది అన్నారు.

ఆ మూడు వారాలూ పొద్దున్నే ఆయన పైకొచ్చేవారు. షాపు పదింటికి తెరిచేదాకా ఇద్దరం పెట్టెల ముందు కూర్చునేవాళ్ళం. ఇంగ్లీషులో రాయడం నా పని, చూసి చెప్పడం ఆయన పని. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, జిరాక్సు కాగితాన్ని ముక్కుకి ఆనించుకుని చదివేవారు. ఆ పడవల్లో ఉన్నదీ ఆయన వయసులో విప్పిన ఇంజనే. దాని గురించి మాట్లాడేటప్పుడు ఆయన చేతులు ఊరుకునేవి కావు. మధ్యలో ఇరుసు, దాని చుట్టూ నక్షత్రంలా ఏడు వరసలు, వరసకి ఆరు సిలిండర్లు. అటువంటిది పడవకి మూడు.

ఒకరోజు రెండో పడవ లాగ్ పుస్తకం చూస్తూ ఆగిపోయారు. నాలుగు పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పారు.

"ఇది చూడమ్మా. మూడు నెలల రీడింగులు. అన్నీ ఒకే పెన్ను, ఒకే చెయ్యి, ఒకే ఒత్తిడి. ఒక పూట కూర్చుని వండేశారు."

నాకు చెవులు వేడెక్కాయి. వేరే దేశంలో, వేరే భాషలో, నాలాంటిదెవత్తో బల్ల దగ్గర కూర్చుని ఖాళీలు పూడ్చింది. ఆయన నావైపు చూడలేదు. చూసినా ఆయనకి తట్టేది కాదు. ఇది మంచి ఆఫీసనే ఆయన నమ్మకం.

పనికొస్తాయా మరి అని అడిగాను. చేపల దొంగల్ని తరమడానికి పనికొస్తాయి, స్మగ్లర్లని పట్టడానికి పనికొస్తాయి, జెండా పండక్కి రంగులేసి నిలబెడితే అందంగా ఉంటాయి అన్నారు. యుద్ధానికి పనికిరావన్నారు. డెబ్బై ఒకటి యుద్ధంలో తాను బొంబాయిలో ఉన్నానని, ఇంజన్ గదిలో ఉన్నవాడికి యుద్ధం కనపడదని, వేడి ఒక్కటే కనపడుతుందని చెప్పారు.

"అప్పుడవి కొత్తవి. అవతలోడికి అప్పుడు కళ్ళు లేవు. ఇప్పుడు ఆడికి పైనుంచి అన్నీ కనబడతాయి. సముద్రంలోకి వచ్చేదాకా ఎందుకాగుతాడు? రేవులో తాడు కట్టి ఉండగానే కొడతాడు."

దానికో కారణం కూడా చెప్పారు. ఆ ఇంజన్ల నూనె చల్లబడితే చలికాలపు నెయ్యిలా బిగుసుకుంటుంది. వేడి చేసి, పంపు చేసి, ఇంజను తిరగడానికి ఒప్పుకునేసరికి నలభై నిమిషాలు. హెచ్చరిక వచ్చాక నలభై నిమిషాలు ఎవడిస్తాడు? అందుకని ఆయన రిపోర్టులో ఒక మాట తప్పకుండా ఉండాలన్నారు. నోటుబుక్కులో తెలుగులో తనే రాసి ఇచ్చారు: యుద్ధం వస్తే ఇవి రేవు దాటవు, కాబట్టి ఎట్టి పరిస్థితిలోనూ మనుషుల్ని వీటిలో కాపలా ఉంచవద్దు, పడుకోబెట్టవద్దు. నేనది ఇంగ్లీషులో పద్నాలుగో పేజీలో పెట్టాను. పైన పట్టికలో, ఇంజను సిద్ధం కావడానికి పట్టే సమయం దగ్గర, నలభై అని వేశాను.

డ్రాఫ్టు పంపిన మూడో రోజు బావగారు నా బల్ల దగ్గరికి వచ్చారు. చేతిలో పద్నాలుగో పేజీ. నలభై చుట్టూ ఎర్ర గీత. మధ్యలో ఉన్న కంపెనీవాళ్ళకి ఇది నచ్చలేదన్నారు. ఈ ఒక్క అంకెతో ఐదు పడవల ప్రాజెక్టూ పడుకుంటుందట. అలాగని అబద్ధం రాయమనడం లేదట.

"గ్యాప్ ఉందమ్మాయ్. నువ్వు మూయలేనిదా?" అన్నారు. రెండడుగులు వేసి, గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగారు. "నీ గ్రీన్‌కార్డ్ ఫైలు మీద లాయరు లెటర్ వచ్చింది. రేపు సంతకం పెట్టి పంపేస్తా. ఈలోపు ఆ పేజీ చూడు."

ఆయన బెదిరించలేదు. ఆ రెండు మాటల్ని పక్కపక్కన పెట్టి వెళ్ళారంతే.

నేను కిందికి వెళ్ళాను. భీమశంకరం గారు దోసకాయల మీద ధర చీటీలు అంటిస్తున్నారు. బాబాయ్ గారూ, ఇంజను ముందే వేడిగా ఉంటే ఎంతసేపు పడుతుంది అని మామూలుగా అడిగాను. వేడిగా ఉంటే ఏటుందమ్మా, నాలుగు నిమిషాలు అన్నారాయన, చీటీ అంటిస్తూనే. ఎందుకడుగుతున్నానని అడగలేదు.

పైకి వచ్చి నలభై తీసేశాను. 'వేడి స్థితిలో: నాలుగు నిమిషాలు' అని వేశాను. కింద మనుషుల్ని ఉంచవద్దన్న వాక్యం ఇప్పుడు పైదానితో పొసగడం లేదు కాబట్టి దాన్నీ తీసేసి, 'సర్వసన్నద్ధత కోసం ఇంజన్లను వేడి స్థితిలో ఉంచడం మేలు' అని పెట్టాను. మొత్తం ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఒక్క అబద్ధం లేదు. నా ఉద్యోగ జీవితంలో అంత శుభ్రమైన పని అంతకుముందు చేయలేదు. చివరి పేజీ మీద కమాండర్ భీమశంకరం సంతకం ముందే ఉంది.

ఆ సాయంత్రం రఘువీర్‌కి ఫోన్లో చెప్పాను. రాసిందంతా నిజమే కదా, మరింకేంటి అన్నాడు. గ్రీన్‌కార్డ్ వచ్చేదాకా కొంచెం ఓర్చుకో అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. మేమెవ్వరం చెడ్డవాళ్ళం కాము, అదే రోత.

జూలైలో ఆ దేశపు నౌకాదళం నుంచి ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు. ఒకాయన పెద్దాయన, కెప్టెను. రెండో అతను లెఫ్టినెంటు, ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి, రెండో పడవకి ఇంజనీరు. ఆదివారం మధ్యాహ్నం బావగారు వాళ్ళని ఇంటికి భోజనానికి పిలిచారు. తోటికోడలు దమయంతక్క పొద్దున్నుంచీ వండింది. భీమశంకరం గారిని కూడా రమ్మన్నారు, కమాండరు లేకపోతే ఎలా? ఆయనకి బావగారి కోటే ఒకటి తొడిగారు. భుజాలు జారుతున్నాయి, చేతులు వేళ్ళదాకా వచ్చాయి. ఆయన ఆ కోటులో చెయ్యి కదపడానికి కూడా భయపడుతూ కూర్చున్నారు. రష్యన్‌లో మాట్లాడవద్దని బావగారు ముందే చెప్పి ఉంచారు. వాళ్ళకి ఆ భాష అంటే పడదట.

లెఫ్టినెంటు మర్యాదస్తుడు. దోసకాయ పప్పు రెండోసారి వడ్డించుకుని, ఇది మా అమ్మ చేసే చారులాగా ఉంది అన్నాడు. తర్వాత చేయి తుడుచుకుని, పక్కన పెట్టిన రిపోర్టు తెరిచాడు. పద్నాలుగో పేజీకి కాగితం మడిచి గుర్తు పెట్టుకున్నాడు.

"నాలుగు నిమిషాలు అని రాశారు. మా దగ్గర చాలా ఎక్కువ పడుతుంది. ఇది నిజమేనా?" అని అడిగాడు. అడిగింది నన్ను. రాసిన ఇంగ్లీషు నాదని ఎవరో చెప్పి ఉంటారు.

బావగారు నవ్వుతూ నా వైపు చూశారు. కెప్టెను కూడా చూశాడు. అవునండీ, వేడి స్థితిలో నాలుగే అన్నాను.

అలాగైతే మేము వాటిని వేడిగానే ఉంచుతాం అన్నాడు లెఫ్టినెంటు. అతని ముఖం వెలిగింది. చాలాకాలంగా మొండికేసిన ఇంజను గురించి ఎవరో చిట్కా చెప్పినట్టు తృప్తిగా పుస్తకం మూశాడు.

అప్పుడు భీమశంకరం గారు తలెత్తారు. పేజీ ఆయనకి కనిపించలేదు, కానీ నాలుగన్న మాట వినిపించింది. నా వైపే చూస్తూ, గొంతు పెంచకుండా, తెలుగులో అడిగారు.

"వేడిగా ఉంచేదెవరమ్మా?"

దమయంతక్క గరిటె పట్టుకుని నిలబడిపోయింది. ఆయన మళ్ళీ అన్నారు, "ఇంజను వేడిగా ఉండాలంటే లోపల మనుషులుండాలి. రాత్రీ పగలూ. ఆ మాట రాశామా, లేదా?"

కమాండరు గారు ఏమంటున్నారని కెప్టెను అడిగాడు. బావగారు ఏ మాత్రం తడుముకోలేదు. "పప్పు ఇంకొంచెం వేసుకోమంటున్నారు" అని ఇంగ్లీషులో చెప్పి, గిన్నె లెఫ్టినెంటు వైపు జరిపారు. అందరూ నవ్వారు. లెఫ్టినెంటు గుండె మీద చేయి పెట్టుకుని భీమశంకరం గారికి ధన్యవాదాలు చెప్పి, మూడోసారి వడ్డించుకున్నాడు. నేనూ నవ్వాను. నా పళ్ళు బయటికి కనిపించేలా నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా ముఖం మీద ఉమ్మేసుకోవాలనిపిస్తుంది.

భీమశంకరం గారు అంతటితో వదల్లేదు. వాళ్ళు కారెక్కబోతుంటే డ్రైవ్‌వే దాకా వెళ్ళారు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఆయన ముందు రష్యన్‌లో ఏదో అన్నారు, తర్వాత తనకొచ్చిన ఇంగ్లీషులో: కోల్డ్ ఇంజన్, ఫార్టీ మినిట్స్. నో మ్యాన్ ఇన్‌సైడ్. లెఫ్టినెంటు శ్రద్ధగా విన్నాడు. తర్వాత రిపోర్టు తీసి, చివరి పేజీ తిప్పి, వేలు పెట్టి చూపించాడు. కమాండర్, ఇది మీ సంతకమే కదా అన్నాడు. ఎగతాళిగా కాదు. నిజంగా అర్థం కాకే అడిగాడు.

భీమశంకరం గారు ఆ సంతకం వైపు చూశారు. కోటు చేతుల్లోంచి వేళ్ళు బయటికి తీసి, మళ్ళీ లోపలికి లాక్కున్నారు. కాదంటే కమాండరు కాదనాలి. కమాండరు కాదంటే ఇన్నాళ్ళూ ఎవరని చెప్పాలి. ఆయన తలూపారు. కారు వెళ్ళిపోయింది. తర్వాత నా పక్కనుంచి లోపలికి వెళ్తూ, కోటు విప్పి సోఫా మీద మడిచి పెట్టి, "నాలుగని నేనే కదా చెప్పాను" అన్నారు, తనలో తను అనుకున్నట్టు.

మర్నాటి నుంచి ఆయన పైకి రాలేదు. నేను షాపుకి వెళ్తే తలెత్తకుండా బిల్లు చేసి, "పేపరా, ప్లాస్టికా, మేడమ్?" అనేవారు. అమ్మా అనలేదు. సంచిలో కరివేపాకు లేదు. ప్యాకెట్లో కొనుక్కోవచ్చు, కౌంటరు పక్కనే ఉంది. నేను కొనలేదు. ఆ నెలంతా మా ఇంట్లో పోపు బోసిగానే ఉంది.

ఆగస్టులో ఆ దేశానికి యుద్ధం వచ్చింది. ఎక్కువ రోజులు నడవలేదు. కింద షాపులో టీవీలో పదిహేను సెకన్లు చూపించారు: రేవు, నల్లటి పొగ, నీళ్ళలోకి వాలిపోయిన బూడిదరంగు పడవ ముక్కులు. కొత్త రంగు ఇంకా తళతళలాడుతోంది. ఐదు పడవలకీ తాళ్ళు కట్టే ఉన్నాయి. ఒక్కటీ రేవు దాటలేదు. తర్వాత వాతావరణం చెప్పారు.

రెండు వారాల తర్వాత మధ్యలో ఉన్న కంపెనీ ఒక పేజీ సమాచారం పంపింది. బావగారు మా అందర్నీ కాన్ఫరెన్స్ రూములోకి పిలిచి చదివారు. నిపుణుల సిఫార్సు ప్రకారం పడవల ఇంజన్లను నిరంతరం వేడి స్థితిలో ఉంచారు. అందుకోసం ఒక్కో పడవలో ముగ్గురు చొప్పున కాపలా నియమించారు. దాడి జరిగినప్పుడు విధుల్లో ఉన్న పదిహేను మందిలో పదకొండు మంది ఇంజన్ గదుల్లో మరణించారు, రెండో పడవ ఇంజనీరు ఆఫీసరుతో సహా. హెచ్చరికకీ దాడికీ మధ్య మూడు నిమిషాలు.

బావగారు కాగితం కింద పెట్టారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పాపం అన్నారు. ఆ పాపం అనడంలో నటన లేదు, నిజంగానే బాధపడ్డారు, అర నిమిషం. తర్వాత, మన రికమెండేషన్ ఫాలో అయ్యారు, అది గమనించండి అన్నారు. ఇప్పుడు ఆ దేశం కొత్త పడవలు కొనక తప్పదు, వాటికీ రిపోర్టులు కావాలి, ఈ పని చేసిన అనుభవం మనకి ఉంది అన్నారు. అప్పటికే బిర్యానీ ఆర్డరు ఇచ్చి ఉన్నారు. డబ్బాలు వచ్చాయి. గదంతా మసాలా వాసన, కింద నుంచి చేపల వాసన, బల్ల మధ్యలో ఆ కాగితం మీద ఎవరిదో నూనె వేలిముద్ర పడింది. లేచి బయటికి పోతానేమో అనుకున్నాను. పోలేదు. మటన్ ముక్క మెత్తగా ఉడికిందని ఎవరో అంటే అవునన్నాను. రైతా అడిగి వేసుకున్నాను.

ఆ సాయంత్రం రఘువీర్ రెడ్‌మండ్ నుంచి వస్తున్నాడు. ఇంట్లో కూరలు లేవు. షాపులోకి వెళ్ళి ఒక దోసకాయ, కందిపప్పు, మజ్జిగ తీసుకుని కౌంటరు దగ్గరికి వెళ్ళాను. నా వెనక ఎవరూ లేరు. భీమశంకరం గారు దోసకాయని తూకం మీద పెట్టారు కానీ మీట నొక్కలేదు. గడ్డం మాసి ఉంది. టీవీలో ఆ పదిహేను సెకన్లు ఆయన కూడా చూసి ఉంటారు, ఆ ఒక్కసారే కాకపోవచ్చు.

"ఇంజన్ గదుల్లో మనుషులున్నారా?" అని అడిగారు. మేడమ్ అనలేదు, అమ్మా అనలేదు. ఆ రెండింటి మధ్యా ఆగి చూస్తున్నారు.

ఆయన సంతకం ఆ కాగితం మీద ఉంది. అడిగింది లెక్క కోసం కాదు. ఇక మీద తను పడుకోగలడో లేదో తెలుసుకోవడానికి. నేను నిజం చెప్పాలి. ఆయన కోసమే కాదు, ఆ పదకొండు మందికి నేను ఇవ్వగలిగింది ఇక అదొక్కటే. నేను చేశాను, మీరు కాదు, నలభై తీసి నాలుగు పెట్టింది నేను, మీరు రాసిన వాక్యం చెరిపింది నేను. ఇంత మాట అంటే చాలు.

"లేరు బాబాయ్ గారూ. పడవలు ఖాళీగా ఉన్నాయట. మన రిపోర్టు చూసి ముందే అందర్నీ దింపేశారట" అన్నాను.

తడుముకోలేదు. ఖాళీ ఎలా పూడ్చాలో నాకు వెన్నతో పెట్టిన విద్య కదా.

ఆయన రెండు చేతులూ కౌంటరు మీద పెట్టి తల వంచుకున్నారు. భుజాలు ఒకసారి కదిలాయి. అప్పన్నా, అని మాత్రం దేవుణ్ణి తలుచుకున్నారు. తలెత్తినప్పుడు కళ్ళు తడిగా ఉన్నాయి, ముఖం తేటపడింది. ఆ లెఫ్టినెంటు బుద్ధిమంతుడమ్మా, కారు దగ్గర చెప్పింది బుర్రకెక్కించుకున్నాడు అన్నారు. అంతా నీవల్లే, మాట సరిగ్గా రాశావు, నేనే నిన్ను అనుమానించాను, ఏటనుకోకు అన్నారు. నేనేమీ అనుకోలేదన్నాను. దోసకాయ మంచిది కాదని వెనక్కి పెట్టి, తనే లోపలికి వెళ్ళి మంచిది ఏరి తెచ్చారు. సంచిలో అన్నీ సర్ది, ఎప్పుడూ పెట్టేదానికి రెండింతలు కరివేపాకు పైన పెట్టారు.

"పోపులోకమ్మా" అన్నారు.

ఇంటికి వచ్చి పప్పు కడిగి పెట్టాను. దోసకాయ చేదు చూసి తరిగాను. నెయ్యి కాగాక ఆవాలు, ఎండుమిరపకాయలు వేసి, ఆ కరివేపాకు మొత్తం దూసి వేశాను. ఇల్లంతా ఘుమఘుమలాడింది. రఘువీర్ బ్యాగ్ గుమ్మంలోనే పడేసి, లాయరు దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది, మన ఫైలు కదిలింది అన్నాడు. కాళ్ళు కడుక్కుని కూర్చుని, రెండోసారి అడిగి వడ్డించుకున్నాడు.

ఆ పూట పప్పు బాగా కుదిరింది.